గ్రీన్ కార్డుకి ఓటు హక్కట! ఆ మెసేజ్ రాసిన మహానుభావుడికో దండం

నిన్న సాయంత్రంతో ఐదోసారి వచ్చింది నాకా మెసేజ్. ముందు మేం టెక్సాస్‌లో, డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉన్నప్పటి అపార్ట్‌మెంట్ గ్రూపులో, తర్వాత బతుకమ్మ కమిటీ గ్రూపులో, మధ్యలో మా పాప కూచిపూడి క్లాసు గ్రూపులో రెండుసార్లు (పంపింది ఒక్కరే, మర్చిపోయి మళ్లీ), చివరికి న్యూజెర్సీ నుంచి మా బావ. ఫోన్ చేసి "బావా, ఇది చదివే పంపావా?" అంటే "మొత్తం ఎక్కడ చదువుతాం బామ్మర్దీ, పనికొచ్చేలా ఉంది కదా అని పంపా" అన్నాడు.

చదవని వాళ్ల కోసం టూకీగా చెప్తా. "అమెరికా తెలుగువాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన 7 ఓటు నిజాలు" అని పేరు. పైన రెండు జెండాలు, కింద వరసగా దండాలు. ఎలక్టోరల్ కాలేజ్ (ప్రెసిడెంట్‌ని జనం ఓట్ల మొత్తంతో కాక, రాష్ట్రాల తరఫు ప్రతినిధుల ఓట్లతో ఎన్నుకునే పద్ధతి) ఉంది కాబట్టి మన ఓటు దండగ. ఓటరుగా నమోదైతే జ్యూరీ డ్యూటీ (కోర్టు కేసుల్లో తీర్పు చెప్పే మామూలు జనం బృందంలో కూర్చోడం) తగులుకుంటుంది. ఏదో ఒక పార్టీలో చేరకపోతే ఓటు లేదు. సోషల్ సెక్యూరిటీ నంబరూ, డ్రైవింగ్ లైసెన్సూ ఉంటే గ్రీన్ కార్డు (సిటిజన్ కాకుండానే శాశ్వతంగా ఉండే అనుమతి) వాళ్లూ, హెచ్-1 (ఉద్యోగ వీసా) వాళ్లూ కూడా ఓటేయొచ్చు. పోస్టులో వచ్చే బ్యాలెట్లు ఇంట్లో ఒక్కరే అందరివీ నింపి పంపేయొచ్చు. ప్రెసిడెంట్ తలుచుకుంటే ఒక్క సంతకంతో గ్రీన్ కార్డు లైను మాయం. ఓసీఐ కార్డుంటే (విదేశీ సిటిజన్లయిన మనవాళ్లకి ఇండియా ఇచ్చేది) ఇండియాలోనూ ఓటుంది. అయిపోయాయి ఏడూ.

మొదటిది చూడండి. 2026 నవంబర్ 3 నాటిది మిడ్‌టర్మ్ ఎన్నిక, అంటే ప్రెసిడెంట్ పదవీకాలం మధ్యలో వచ్చేది. అందులో ఎలక్టోరల్ కాలేజే లేదు మహాప్రభో. మాకు టెక్సాస్‌లో గవర్నరు, ఒక సెనేటరు, అటార్నీ జనరల్, కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) సభ్యులు, కింద జడ్జిల దగ్గర్నుంచి కౌంటీ (మన జిల్లా లాంటిది) వాళ్ల దాకా చాంతాడంత బ్యాలెట్, అన్నీ నేరుగా లెక్కపెట్టే ఓట్లే. సరే, ప్రెసిడెంట్ ఎన్నికే మాట్లాడుకుందామన్నా 2000లో ఫ్లోరిడా తేలింది 537 ఓట్లతో. 2020లో జార్జియా తేడా 11,779, అంటే మన తెలుగు సంఘాల మహాసభలకి భోజనాల దగ్గర లైన్లో నిలబడే జనమంత. వర్జీనియాలో 2017లో ఒక అసెంబ్లీ సీటుకి ఇద్దరికీ సరిగ్గా 11,608 చొప్పున వస్తే గిన్నెలో రెండు చీటీలు వేసి ఒకటి తీశారు, ఆ ఒక్క చీటీతో సభలో మెజారిటీ ఎవరిదో తేలిపోయింది. ఆ నియోజకవర్గంలో "నా ఒక్క ఓటుతో ఏమవుతుందిలే" అని ఆ రోజు ఇంట్లో కూర్చున్నవాళ్లు తర్వాత ఎలా నిద్రపోయారో నాకు తెలీదు.

అయినా ఈ పాయింట్ రాసినవాడి బాధ నాకు అర్థమవుతుంది. టెక్సాస్‌లో డెమొక్రాట్ ప్రెసిడెంట్ అభ్యర్థి ఆఖరుసారి గెలిచింది 1976లో, కాలిఫోర్నియాలో అయితే దానికి తలకిందులు. ఆ ఒక్క పోటీ వరకూ మీ ఓటు సముద్రంలో చెంబెడు నీళ్లే అంటే నేను పెద్దగా వాదించను. కానీ ప్రాపర్టీ టాక్స్ బిల్లు చూసి ప్రతి వీకెండ్ పార్టీలో గుండెలు బాదుకునే మనవాళ్లలో ఎంతమంది 2023 నవంబర్‌లో వెళ్లి ఓటేశారు? స్కూల్ టాక్సులో సొంతింటికిచ్చే మినహాయింపు 40,000 డాలర్ల నుంచి లక్షకి పెరిగింది ఆ ఓటుతోనే, 2025 నవంబర్‌లో 1,40,000 అయింది కూడా అలాగే. ఆ రెండు రోజులూ పోలింగ్ దగ్గర పార్కింగ్ ఖాళీగా ఉంది, నేను చూశా.

జ్యూరీ సంగతి: టెక్సాస్‌లో జ్యూరీ పిలుపు ఓటరు లిస్టు నుంచే కాదు, డ్రైవింగ్ లైసెన్సుల లిస్టు నుంచి కూడా వస్తుంది. ఓటు వదులుకుని జ్యూరీ తప్పించుకుందామనుకునేవాళ్లు కారు కూడా వదిలేయాలి. డాలస్‌లో కారు లేకుండా బతకండి చూద్దాం. పార్టీ సంగతి: టెక్సాస్‌లో పార్టీ పేరుతో నమోదనేదే లేదు. న్యూయార్క్, పెన్సిల్వేనియా లాంటి చోట్ల ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ముందస్తు ఎన్నికలో) ఓటేయాలంటే ఆ పార్టీ కింద నమోదై ఉండాలి, నిజమే, కానీ నవంబర్ ఓటుకి ఎక్కడా ఏ పార్టీతోనూ పనిలేదు. ఈ రెండూ ఇక్కడితో వదిలేద్దాం.

ఇప్పుడు నాలుగోది. అసలు నేను కూర్చుని ఇంత టైపు చేస్తున్నది దీనికోసమే.

మెసేజ్‌లో ఉన్న వాక్యం ఇది: "లైసెన్సు ఆఫీసు వాళ్లే అడిగి నమోదు చేస్తారు, కార్డు పోస్టులో వచ్చిందంటే గవర్నమెంటు ఒప్పుకున్నట్టే, ధైర్యంగా ఓటేయండి, మనం టాక్స్ కడుతున్నాం." ధైర్యంగా! ఇది రాసినాయన ఏ దేశంలో కూర్చుని రాశాడో గానీ ఇది నమ్మి ఒక్కడు, ఒకే ఒక్కడు వెళ్లి ఓటేసినా వాడి ఇరవయ్యేళ్ల కష్టం గంగలో కలుస్తుంది.

సిటిజన్ కానివాళ్లు ఫెడరల్ ఎన్నికల్లో ఓటేయడం 1996 నుంచి ఫెడరల్ నేరం, ఏడాది దాకా జైలు. అది చిన్నది. పెద్దది ఏంటంటే, నమోదు ఫారంలో మొదటి ప్రశ్నే "మీరు అమెరికా సిటిజనా?" అని ఉంటుంది. అక్కడ అవునని టిక్కు పెట్టి కింద సంతకం పెడితే, ఓటు వేసినా వేయకపోయినా, సిటిజన్‌నని అబద్ధం చెప్పినట్టే. ఇమిగ్రేషన్ చట్టంలో దీనికి దాదాపు క్షమాపణ లేదు. వీసా గడువు దాటిపోతే ఏదో ఒక దారి వెతకొచ్చు, చిన్నాచితకా కేసులకీ దారులున్నాయి, దీనికి మాత్రం గ్రీన్ కార్డు పోవడం, డిపోర్ట్ కావడం, మళ్లీ జన్మలో రాలేకపోవడం. "నాకు తెలీక పెట్టాను సార్, ఫార్వర్డ్‌లో చూశాను" అంటే జడ్జి గారు జాలిపడతారా?

టెక్సాస్ చట్టం దీనికి అదనం. 2017లో ఫోర్ట్ వర్త్‌లో, అంటే ఇర్వింగ్ నుంచి ముప్పావుగంట కూడా పట్టదు, గ్రీన్ కార్డున్న ఒకావిడకి ఓటేసినందుకు ఎనిమిదేళ్ల జైలు వేశారు. పసిపిల్లగా మెక్సికో నుంచి వచ్చిందావిడ, పర్మనెంట్ రెసిడెంట్ అంటే ఓటు కూడా ఉంటుందనుకుంది. సరిగ్గా మన మెసేజ్‌లో ఉన్న మాటే నమ్మింది. ఎనిమిదేళ్లు. 2025 నవంబర్‌లో అయితే సిటిజన్లకే ఓటని టెక్సాస్ రాజ్యాంగంలోనే రాసుకున్నారు.

నంబరూ లైసెన్సూ ఉంటే చాలన్న మాట ఎక్కడ పుట్టిందో కూడా నాకు తెలుసు. ఫారంలో లైసెన్సు నంబరో, సోషల్ సెక్యూరిటీ చివరి నాలుగు అంకెలో అడుగుతారు. అవి మీరెవరో పోల్చుకోడానికి, అర్హతకి కాదు. పెళ్లిలో చదివింపులు రాసేవాడు మీ పేరడిగితే మీరు పెళ్లికొడుకైపోరు కదా! ఇక టాక్స్ వాదన. మా అత్తగారు విజిటర్ వీసా మీద వచ్చి కాస్ట్‌కోలో సూట్‌కేసు కొన్నా సేల్స్ టాక్స్ కట్టింది, ఆవిడకీ ఓటిద్దామా?

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి, ఒప్పుకోకపోతే నేనూ ఆ మెసేజ్ రాసినవాడి బాపతే అవుతాను. లైసెన్సు ఆఫీసులు పొరపాట్లు చేస్తాయి. 1993 చట్టం ప్రకారం లైసెన్సు దగ్గరే ఓటరు నమోదు గురించి అడుగుతారు, కొన్ని రాష్ట్రాల్లో దానంతటదే అయిపోతుంది. కాలిఫోర్నియాలో 2018లో అర్హత లేని సుమారు 1,500 మంది పేర్లు అలాగే ఎక్కాయి, ఒరెగాన్‌లో 2024లో సిటిజన్‌షిప్ రుజువు లేకుండానే వెయ్యిమందికి పైగా నమోదైపోయినట్టు బయటపడింది. నేనూ గ్రీన్ కార్డు మీద ఉన్నప్పుడు కౌంటర్లో "ఓటరుగా నమోదు చేసుకుంటారా?" అని అడిగితే, అంతకుముందు అవయవదానం ప్రశ్నకి ఊపిన ఊపులోనే తల ఊపబోయి ఆగాను. కాబట్టి "వాళ్లే నమోదు చేస్తారు" అన్న సగం నిజం. "కాబట్టి ఓటేయండి" అన్న మిగతా సగమే విషం. ఆఫీసు తప్పు చేసిందని మీకు హక్కు పుట్టదు. కొన్నేళ్ల తర్వాత సిటిజన్‌షిప్ ఫారం నింపేటప్పుడు ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటేశారా అని అడుగుతారు. నా ఇంటర్వ్యూలో ఆఫీసర్ ఆ ప్రశ్న అడిగి, తల ఎత్తి, నా మొహంలోకి చూసింది. చేయని తప్పుకే నాకు చెమటలు పట్టాయి.

పొరపాటున కార్డు వచ్చిన వాళ్లెవరైనా ఉంటే, ఓటేయకండి, దాచిపెట్టి మర్చిపోకండి, గ్రూపులో సలహా అడగకండి. ఎక్కడికీ ఉత్తరం రాయకముందే ఇమిగ్రేషన్ లాయరుకి చూపించండి.

"మరి శాన్‌ఫ్రాన్సిస్కోలో వేస్తున్నారుగా?" అని కూచిపూడి గ్రూపులో ఒకాయన లా పాయింట్ తీశాడు. వేస్తున్నారు, స్కూల్ బోర్డు ఎన్నికకి మాత్రం, అక్కడ ఉంటున్న పిల్లల అమ్మానాన్నలు. మేరీలాండ్‌లో కొన్ని ఊళ్లలో ఊరి ఎన్నికలకీ ఉంది. న్యూయార్క్ సిటీ కూడా అలాంటి చట్టం చేస్తే 2025 మార్చిలో రాష్ట్ర అత్యున్నత కోర్టు కొట్టేసింది. ఆయన ఉండేది టెక్సాస్‌లోని ప్లేనోలో.

దీనికి అటు చివర ఇంకో మెసేజ్ తిరుగుతోంది, లక్షలమంది సిటిజన్లు కానివాళ్లు ఓట్లేసేస్తున్నారని. జార్జియా 2024లో 82 లక్షల ఓటర్ల జాబితా జల్లెడ పడితే దొరికింది 20 మంది. దాన్ని ఖండించే ఓపిక నాకీ రోజు లేదు. కానీ ఆ గోలవల్ల మనలాంటి వాళ్లకే దెబ్బ తగులుతుంది, ఎందుకంటే గ్రీన్ కార్డు మీద లైసెన్సు తీసుకుని తర్వాత సిటిజన్ అయినవాళ్లు పాత రికార్డుల్లో ఇంకా సిటిజన్లు కానట్టే కనిపిస్తారు. 2019లో టెక్సాస్ ఇలాగే 95,000 మంది మీద అనుమానం అని ప్రకటించి, అందులో వేలమంది నిక్షేపంలాంటి సిటిజన్లని తేలి, దాని మీద కోర్టులో కేసులు పడ్డాక వెనక్కి తగ్గింది. సిటిజన్‌షిప్ ప్రమాణం చేసి వచ్చాక ఐస్‌క్రీమ్ తిని ఊరుకోకుండా లైసెన్సు రికార్డు కూడా మార్పించుకోండి. కౌంటీ నుంచి ఉత్తరం వస్తే జంక్ మెయిల్ అనుకుని పారేయకండి.

ఐదోది, పోస్టు బ్యాలెట్లు. "మా ఆవిడదీ నేనే నింపా, ఆవిడకి పాలిటిక్స్ ఇంట్రెస్ట్ లేదు" అని గర్వంగా చెప్పుకునే పెద్దమనుషులు నాకు తెలుసు. ఆవిడకి ఇంట్రెస్ట్ లేదా, మీరు అడగలేదా అన్నది మీ ఇంటి విషయం. ఆవిడ సంతకం మీరు పెట్టడం మాత్రం నేరం. చాలా రాష్ట్రాల్లో కవరు మీద సంతకాన్ని రికార్డులో ఉన్నదాంతో పోల్చి చూస్తారు. చాలాచోట్ల ఇంట్లోవాళ్ల కవరు డబ్బాలో వేసి రావొచ్చు, లోపల చుక్కలు నింపాల్సింది ఎవరి బ్యాలెట్ వాళ్లే. మా చెల్లెలిది ఎవరు నింపుతున్నారో ఈసారి బావనే అడగాలి.

ఆరోది, ప్రెసిడెంట్ సంతకం. ఏడాదికి ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డులు 1,40,000, ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్నది 1990లో కాంగ్రెస్ చేసిన చట్టం. ప్రెసిడెంట్ సంతకంతో అది పోదు. ఆ పరిమితి ఎత్తేసే బిల్లు 2019లో హౌస్‌లో (కాంగ్రెస్ దిగువసభలో) 365-65తో గెలిచింది, 2020 డిసెంబర్‌లో సెనేట్ వేరే రూపంలో పాస్ చేసింది, రెండూ కలవక అటకెక్కింది. అంటే మిడ్‌టర్మ్‌లో ఎన్నికయ్యే హౌస్‌లోని 435 మందీ, సెనేటర్లూ మన లైనుకి అసలు మనుషులు.

ఇదంతా నేను పదేళ్లుగా అందరికీ దబాయించి చెప్పేవాణ్ణి, "ప్రెసిడెంట్ వల్ల ఏమీ కాదండీ" అని. 2025 సెప్టెంబర్ 19, శుక్రవారం సాయంత్రం, ఒక్క సంతకంతో హెచ్-1కి లక్ష డాలర్ల ఫీజు వచ్చింది. అది కొత్త పిటిషన్లకే అని మర్నాడు చెప్పేలోపు ఇండియాలో పెళ్లిళ్లకని వెళ్లినవాళ్లు పరుగెత్తుకుంటూ టికెట్లు కొన్నారు. మా టీమ్‌లో ఒకబ్బాయి తమ్ముడి నిశ్చితార్థం వదిలేసి విమానమెక్కాడు. కాబట్టి నా మాట కూడా సవరించుకుంటున్నా: ప్రెసిడెంట్ లైను తీసేయలేడు గానీ, లైన్లో ఉన్నవాళ్ల గుండె ఆపగలడు.

ఏడోది ఒక్క ముక్కలో తేలిపోతుంది. ఓసీఐ అంటే ఎప్పుడైనా వచ్చిపోయే వీసా లాంటిది, ఓటు లేదు. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారైలకి ఉంది, అదీ ఊరికి వెళ్లి వేస్తేనే.

ఖమ్మం దగ్గర మా ఊళ్లో ఎన్నికలొచ్చినప్పుడల్లా నాన్న ఫోన్ చేస్తాడు, "నీ పేరు ఇంకా లిస్టులో ఉందిరా" అని. తీయించు నాన్నా, నేను సిటిజన్‌షిప్ తీసుకున్నా కదా, తప్పవుతుంది అంటే "ఉండనీరా, ఉంటే వాళ్లదేం పోయింది, చూసినప్పుడు నువ్వు ఇంట్లో ఉన్నట్టుంటుంది" అంటాడు. లిస్టులోంచి పేరు తీయించడానికి ఫారం 7 నింపాలి. డౌన్‌లోడ్ చేసి రెండేళ్లయింది.