పెన్సిల్ మీకు, రబ్బరు నాకు

(రమణ, సుగుణ సొంతంగా ఒక బోర్డు ఆట తయారుచేస్తున్నారు. బల్ల మీద 40 గళ్ళు గీసిన అట్ట, రెండు పాచికలు, నాలుగు పావులు. రమణ చేతిలో రంగురంగుల కార్డుల కట్ట. బొమ్మలు నిజంగానే బాగున్నాయి. చిక్కంతా అక్కడే.)

రమణ: సుగుణా, 54 కార్డులకీ బొమ్మలేసేశాను. ఇక లామినేషనే తరువాయి!

సుగుణ: ఆట ఒక్కసారైనా ఆడి చూశామా?

రమణ: బాగుంటుందని తెలుస్తూనే ఉందిగా.

సుగుణ: ఇంత కష్టపడి బొమ్మేశాక ఆ కార్డు చింపడానికి మీకు చేతులొస్తాయా? ముందు తెల్ల చీటీ, దాని మీద పెన్సిల్ రాత. ప్లాస్టిక్ తొడుగులో పాత పేకముక్క దూర్చి, దాని ముందు చీటీ పెడితే కలపడానికి గట్టిగా ఉంటుంది. రూలు మారితే చీటీ ఒక్కటే మారుతుంది.

రమణ: ఏం మారినా నా నిధి మారదు. 12 పడితేనే నిధి. ఎంత ఉత్కంఠో!

సుగుణ: రెండు పాచికలు 36 రకాలుగా పడొచ్చు. అందులో 12 వచ్చేది ఒక్కటే. నలుగురం తలో పదిసార్లు వేస్తే మొత్తం 40. అంటే ఆటకి సగటున ఒక్క నిధి. మూడు ఆటల్లో దాదాపు ఒకదాంట్లో అసలు దొరకనే దొరకదు. ఇక 7 ఆరు రకాలుగా వస్తుంది. అక్కడేమో మీరు సుడిగుండం పెట్టారు!

రమణ: మునిగితే మజా.

సుగుణ: ఎవరికి? మునిగినవాడు ఆట నుంచి అవుట్. మిగతావాళ్ళు ఇంకో గంట ఆడుతుంటే వాడేం చేస్తాడు?

రమణ: చూస్తాడు.

సుగుణ: ఫోన్ చూస్తాడు.

రమణ: సరేలే. నిధికి 9 పెడదాం, సుడిగుండం తీసేద్దాం, చేతిలో ఐదు కార్డులకి బదులు మూడు...

సుగుణ: ఆగండాగండి! ఒక్కసారికి ఒక్క మార్పే. మూడూ కలిపి మారిస్తే, రేపు ఆట బాగుపడినా పాడైనా దేనివల్లో తేలదు. మార్చిన ప్రతి చీటీ మూలనా ఎన్నో కూర్పో అంకె వేయండి. లేకపోతే పాతవీ కొత్తవీ కలిసిపోతాయి.

రమణ: పావుల జోలికి మాత్రం రాకు. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, నీలం.

సుగుణ: ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియనివాళ్ళుంటారు. రంగులు ఉంచండి, ఒక్కోదానికి ఒక్కో ఆకారం కూడా ఇవ్వండి.

రమణ: అన్నీ నువ్వే చెప్తే జట్టెందుకు?

సుగుణ: బొమ్మల మీద ఆఖరి మాట మీది, రూల్స్ మీద నాది. అందుకే పెన్సిల్ మీకు, రబ్బరు నాకు.

(రమణ పెన్సిల్ వైపు జాలిగా చూస్తాడు.)

సుగుణ: అసలు పరీక్ష ముందుంది. ఆట గురించి ఏమీ తెలియనివాళ్ళకి రూల్స్ కాగితం ఇచ్చి, మనం నోరు మూసుకుని కూర్చోవాలి. రేపు పెట్టెతోపాటు మనమూ వెళ్ళం కదా! ఎక్కడ ఆగారో, ఏ వాక్యం రెండుసార్లు చదివారో రాసుకోవడమే మన పని. వాళ్ళు సలహాలిస్తారు. సలహా కన్నా, ఎక్కడ విసుగొచ్చి ఆ సలహా ఇచ్చారో అది ముఖ్యం.

రమణ: ఈ ఇంట్లో నోరు మూసుకోవడం నాకు కొత్తా?

సుగుణ: చూద్దాం. నాకేమీ తెలియదనుకోండి. (చదువుతుంది) "పాచికలు వేసి పావును ముందుకు జరపాలి. చివరి గడి చేరినవారు గెలిచినట్లు." (వేస్తుంది. 3 పడుతుంది. పావు తీసుకెళ్ళి 40వ గడిలో పెడుతుంది.) గెలిచాను.

రమణ: అదేంటే! మూడు గళ్ళేగా జరపాల్సింది!

సుగుణ: ష్! కాగితంలో ఎక్కడుంది?

(రమణ పళ్ళు నూరుతూ "పడినన్ని గళ్ళు" అని ఇరికిస్తాడు. సుగుణ మళ్ళీ వేస్తుంది. 5. పావును 40 దగ్గర మొదలుపెట్టి 35కి లాగుతుంది.)

రమణ: వెనక్కి పోతున్నావే!

సుగుణ: ఎక్కడ బయలుదేరాలో రాయలేదు. బోర్డు మీద బాణమూ లేదు. నాకిదే ముందు.

రమణ: ...ఆ రబ్బరిటివ్వు.

సుగుణ: మళ్ళీ మాట్లాడారు.