టీ-హెచ్ (th) గారికి, నాలుక కొరుక్కుని రాసేది

ఉభయకుశలోపరి. అని రాయడం ఆనవాయితీ కాబట్టి రాశాను కానీ, కుశలం మీ ఒక్కరిదే. ఇంగ్లీషులో అన్నిటికంటే ఎక్కువసార్లు వాడే మాట 'ద' (the), అందులో మీరే ముందు సీట్లో కూర్చున్నారు, ఇక మీకు పనికి లోటేముంది. నేనే కుశలం కాదు. నాలుక చివర రెండు చోట్ల గాటు పడింది, వేడి కాఫీ తగిలితే మీరే గుర్తొస్తున్నారు.

అసలు మిమ్మల్ని ఏమని పిలవాలో తెలీక నాలుగు రోజులు ఈ ఉత్తరం ఆగిపోయింది. యాభై ఆరు అక్షరాలు పెట్టుకుని కూడా తెలుగులో మీ పేరు రాయడానికి ఒక్కటి లేదు. థ రాస్తే అది మీరు కాదు, త కి కాస్త ఊపిరి ఎక్కువైతే వచ్చేది అది. ద రాస్తే అదీ కాదు. పైగా మా థ తోనే మాకు సరిగ్గా పడదు. కథని కధ అని పలికి, పలికినట్టే రాసి, లోపల చుక్క పెట్టాలా వద్దా అని పెన్ను పట్టుకుని ఆలోచించిన వాళ్ళం. అలాంటి వాళ్ళ నోట్లోకి మీరొచ్చి పడ్డారు. సరే, ఇక్కడితో ఈ గారూ మీరూ ఆపేస్తున్నాను. మాట్లాడిన ప్రతిసారీ నాతో నాలుక బయటపెట్టించేదానికి అంత మర్యాద అక్కర్లేదు.

చిన్నప్పుడు పెద్దవాళ్ళ ముందు నాలుక బయటపెడితే వీపు విమానం మోత మోగేది. ఇప్పుడు అదే పని డబ్బు కట్టి నేర్చుకుంటున్నాను. నేర్పే ఆవిడ "ఇంకా బయటికి, ఇంకా బయటికి" అంటుంది, నేను అద్దం ముందు నిలబడి ఎండలో తిరిగొచ్చిన కుక్కలా నాలుక చాపి ఊదుతుంటాను, గాలితో పాటు ఇంకా ఏవేవో వచ్చి అద్దం మీద పడుతుంటాయి. నెల తర్వాత తెలిసిందేమిటంటే అంత బయటికి రానే అక్కర్లేదట. నాలుక కొస పై పళ్ళ అంచుకి అలా తగిలీ తగలనట్టు ఉండి, ఆ సందులోంచి గాలి పోతే చాలు.

అసలు కిటుకు ఆ సందులోనే ఉంది. త, థ, ద, ధ అన్నీ పళ్ళకి నాలుక ఆనించి, గాలిని ఆపి, ఠక్కున వదిలేవి. అందుకే వాటిని స్పర్శాలు అన్నారు. స, శ, ష అలా కాదు, గాలిని ఆపకుండా రాసుకుంటూ పోనిస్తాయి, ఊష్మాలు. స్స్స్స్ అని ఊపిరి ఉన్నంతసేపు సాగదీయొచ్చు, త్ ని సాగదీసి చూడు, కుదరదు. నువ్వు త ఇంట్లో అద్దెకుంటూ స ఉద్యోగం చేసేదానివి. సాగదీయగలిగితే నువ్వు, సాగకపోతే మా థ. ఈ ఒక్క ముక్క మొదటిరోజే చెప్పి ఉంటే నా నాలుకకి గాట్లు పడేవి కావు. ఎవరూ చెప్పరు. నోరు తెరువు, నాలుక చాపు, అంతే.

ఇంతా నేర్చుకున్నది ఎందుకంటే ఫోన్ కోసం. నవ్వకు. తెల్లవారుజామున ప్రయాణం ఉండి, పడుకునే ముందు త్రీ థర్టీకి అలారం పెట్టమని ఫోన్‌కి చెప్పాను. అది కాసేపు ఆలోచించి చెట్ల ఫొటోలు చూపించింది. మళ్ళీ చెప్పాను, ఈసారి నీ మీద మరింత గౌరవంతో, ఒత్తి మరీ. 'డర్టీ' అన్నాననుకుని మురికి చెట్ల కోసం వెతకడం మొదలుపెట్టింది. అర్ధరాత్రి, ఇంట్లో అందరూ నిద్రపోతుంటే, చీకట్లో కూర్చుని ఫోన్ మీద త్రీ, త్రీ, త్రీ అని ఉమ్ముతున్న మనిషిని ఊహించుకో. చివరికి వేలితో పెట్టుకున్నాను. వేలితో పెట్టుకోవచ్చని ముందే తెలుసు, అది వేరే సంగతి, అప్పటికే పట్టుదల వచ్చేసింది.

పోనీ నువ్వు ఒక్కదానివా? ఇద్దరు. ఒకే టీ-హెచ్ ముసుగులో ఇద్దరు కవలలు. థిన్, థింక్, థింగ్‌లలో గొంతు మోగదు. దిస్, దట్, దేర్‌లలో మోగుతుంది. గొంతు మీద చెయ్యి పెట్టుకుని చూసుకోవాలట. నలుగురిలో మాట్లాడుతూ గొంతు పట్టుకుంటే మంచినీళ్ళు తెచ్చిచ్చారు. స్పెల్లింగు చూసి పోల్చుకుందామంటే రెండూ ఒకలాగే ఉంటాయి. కొన్నాళ్ళకి నేనే ఒక జాడ పట్టాను: మాట మొదట్లో నువ్వుండి గొంతు మోగిందంటే అది 'అది', 'ఇది', 'వాళ్ళు', 'అప్పుడు' లాంటి చిల్లర మాటే అయ్యుంటుంది, బరువైన మాటల్లో మోగదు. సంతోషించేలోపు 'త్రూ' (through) అడ్డం వచ్చింది, చిల్లర మాటే కానీ మోగదు. ఇంకో చోట నామవాచకం, క్రియ అని పంచుకున్నారు కవలలు. బాత్ అంటే మోగదు, బేద్ అంటే మోగుతుంది. బ్రెత్ అంటే ఊపిరి, బ్రీద్ అంటే ఊపిరి పీల్చడం. మీ కవలల్ని పంపకాలు చేసేలోపు నాకు ఆ రెండోది ఆగిపోయేలా ఉంది.

ఊపిరి అంటే గుర్తొచ్చింది. ఆస్తమా. ఎంత శ్రద్ధగా పలుకుతాం మేం, త ని ఎక్కడా నలగనివ్వకుండా, స్పెల్లింగులో నువ్వున్నావు కదా అని. తీరా చూస్తే ఇంగ్లీషువాళ్ళు 'ఆస్మా' అంటారు. పిలవని చోట మీద పడతావు, పిలిచిన చోట ఉండవు. థామస్‌లో నీ ఫొటో పెట్టి టామస్ అంటారు, థేమ్స్ నదిని టెమ్స్ అంటారు. ఆరో వంతుల్ని 'సిక్స్త్స్' అనమంటారు, అందులో స కి స కి మధ్య నిన్ను ఇరికించారు, అది పలకడం కంటే ఆరో వంతులు లేకుండా లెక్క తేల్చుకోవడం సులువు.

కోపం పట్టలేక నీ పుట్టుపూర్వోత్తరాలు తవ్వాను. ఒకప్పుడు నీకు సొంత అక్షరం ఉండేదట, పేరు థార్న్, అంటే ముల్లు. పెట్టినవాళ్ళెవరో తెలిసే పెట్టారు. కాక్స్‌టన్ 1476లో ఇంగ్లండుకి అచ్చుయంత్రం తెచ్చాడు, ఐరోపా నుంచి వచ్చిన అచ్చు అక్షరాల్లో ఆ ముల్లు లేదు, అప్పటి చేతిరాతలో దాని పోలిక ఉందని వై పెట్టి సర్దుకున్నారు. పాతకాలపు సొగసు కోసం దుకాణాల బోర్డుల మీద 'యీ ఓల్డ్' (Ye Olde) అని రాసుకుంటారే, అది యీ కాదు, నువ్వే, మారువేషంలో ఉన్న 'ద'. మాకు నిన్ను రాసే అక్షరం లేదని పైన సిగ్గుపడ్డానే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నీ ఇంట్లోనే నీకు అక్షరం లేదు, రెండక్షరాలు అప్పు తెచ్చుకుని బతుకుతున్నావు.

ఇంకా వెనక్కి వెళ్తే ఇంకా బాగుంది. యాకోబ్ గ్రిమ్ అని, తమ్ముడితో కలిసి జానపద కథలు పోగుచేసిన ఆ జర్మన్ పండితుడే, 1822లో ఒక లెక్క తేల్చాడు. సంస్కృతం, లాటిన్ లాంటి భాషల్లో త ఉన్న చోట ఇంగ్లీషు వైపు భాషల్లో నువ్వు తేలతావు. త్రి, త్రీ. తత్, దట్. తృష్ణ, థర్స్ట్. భ్రాత, బ్రదర్. అంటే ఏమిటి? నువ్వు ఒకప్పుడు శుభ్రంగా పళ్ళకి ఆనుకుని ఉండే త వి. ఎక్కడో నాలుక జారింది, జారినదాన్ని ఎవరూ సరిచెయ్యలేదు, అదే పద్ధతి అయిపోయింది. జర్మన్లు నిన్ను ఎప్పుడో వదిలించుకుని బ్రదర్‌ని బ్రూడర్ అనుకుని హాయిగా ఉన్నారు. ఇన్ని వేల ఏళ్ళ కిందట జారిన నాలుకని అనుకరించడానికి నేను నెలనెలా డబ్బు కడుతున్నాను.

పోనీ సొంతవాళ్ళైనా నిన్ను నెత్తిన పెట్టుకున్నారా అంటే అదీ లేదు. లండన్‌లో ఎందరో థింక్‌ని 'ఫింక్' అంటారు, బ్రదర్‌ని 'బ్రవర్' అంటారు. ఐర్లండులో చాలామంది నాలుక పళ్ళకి ఆనించి ఇంచుమించు మా త, ద ల్లాగే అనేస్తారు, వాళ్ళని అద్దం ముందు నిలబెట్టినవాళ్ళు లేరు. ఇంగ్లీషు పిల్లల నోటికి అన్నిటికంటే ఆలస్యంగా వచ్చే ధ్వనుల్లో నువ్వొకదానివి. వాళ్ళు తప్పు పలికితే ముద్దు, యాస, నేను పలికితే కరెక్షన్.

అయినా ఇదంతా భరించి ఇంకో నెల కట్టేవాణ్ణే. మొన్న విమానాల రేడియో నిబంధన ఒకటి చూశాను. పైలట్లు, కింద టవర్‌లో ఉండేవాళ్ళు అంకెలు ఎలా పలకాలో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిర్ణయించింది. మూడుని 'ట్రీ' అనాలి. వెయ్యిని 'టౌసండ్' అనాలి. అక్షరాలా అలాగే రాసి ఉంది. గరగరలాడే రేడియోలో, రకరకాల దేశాల నోళ్ళ మధ్య, పొరపాటు పడకూడని చోట నిన్ను దింపేసి తలుపేసుకున్నారు. ఆకాశంలో అన్ని వందల ప్రాణాల బాధ్యత మోస్తున్నవాడు ట్రీ అంటే నిబంధన. మంచం మీద పడుకుని అలారం పెట్టుకునే నేను ట్రీ అంటే చెట్ల ఫొటోలు.

అందుకని క్లాసు మానేశాను. ఆవిడకి ఫోన్ చేసి చెబుతూ చివర్లో థాంక్స్ అన్నాను, అది మాత్రం నిజంగా నీలాగే వచ్చింది, సన్నగా, సాగుతూ, గాట్ల మీదుగా. ఆవిడ "చూశారా, వచ్చేసింది, ఇప్పుడు మానేస్తారా" అంది. ఫోన్ పెట్టేసి మళ్ళీ అన్నాను, రాలేదు.

రేపు మళ్ళీ తెల్లవారుజాము ప్రయాణం ఉంది. త్రీ థర్టీకే లేవాలి. టూ ఫిఫ్టీకి అని చెప్పాను, ఒక్కసారికే అర్థం చేసుకుంది. లేచి నలభై నిమిషాలు ఊరికే కూర్చుంటాను.

ఇట్లు,
నీ వల్ల సరిగ్గా నిద్రపోని ఒక నాలుక