శాకాహార వంట పుస్తకాన్ని ఎంచుకోవడంపై ప్రచారంలో ఉన్న సలహా: ఒక ఖండన

మాంసాహారం కొంత తగ్గించి, వారంలో మరికొన్ని పూటలు శాకాహారం తినాలనుకునే వారి కోసం ఒక సలహా చాలాకాలంగా వాట్సాప్‌లో తిరుగుతోంది. దాని సారాంశం ఇది: వీలైనన్ని ఎక్కువ వంటకాలున్న పుస్తకాన్ని కొనాలి, అది తరతరాలుగా శాకాహారులైన కుటుంబంవారు రాసినదై ఉండాలి, ప్రోటీన్ కోసం ప్రతి పూటా ఏ ధాన్యంతో ఏ పప్పు కలపాలో పట్టికలు ఇచ్చేదై ఉండాలి, ఇదంతా కష్టమనుకుంటే పుస్తకమే అక్కరలేదు, వీడియోలు చాలు. ఈ నాలుగు మాటల్లో ఒక్కటి కూడా పూర్తిగా నిలవదు.

అసలు ఈ సలహా ఎవరికి చెబుతున్నారో ముందుగా గమనించాలి. జనన మరణాల లెక్కలు సేకరించే కేంద్ర ప్రభుత్వ వ్యవస్థ ఎస్‌ఆర్‌ఎస్ (శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్) 2014 నాటి బేస్‌లైన్ సర్వే ప్రకారం 15 ఏళ్ళు పైబడిన వారిలో మాంసాహారులు తెలంగాణలో దాదాపు 98.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 98 శాతానికి పైగా ఉన్నారు. అంటే పుస్తకం కొనబోయే వ్యక్తి దాదాపు ఖాయంగా మాంసం తినే మనిషే. అయినా ఆ ఇంట్లో పప్పు, పులుసు, వేపుడు, రోటిపచ్చడి లేక కాదు. శనివారాలు, కార్తీకమాసం నీచు ముట్టని ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఆ ఇంటికి కొరవడినది చారు ఎలా కాచాలో చెప్పే పుస్తకం కాదు, ఆదివారం కోడికూర పెట్టే చోట పెట్టినా పిల్లలు మూతి ముడుచుకోని కూర చెప్పే పుస్తకం.

మొదటి మాట, వంటకాల సంఖ్య గురించి. వెయ్యి వంటకాలని అట్ట మీద వేసిన పుస్తకం చేతికి దొరికితే, విషయసూచికలో మిఠాయిలు, చిరుతిళ్ళు, ఊరగాయలు, పొడులు, దోసెల్లో రకాలు, కలిపిన అన్నాలు ఒక్కొక్కటిగా కొట్టేసి చూడండి; మధ్యాహ్నం అన్నంలోకి పనికివచ్చే కూరలు ఎన్ని మిగులుతాయో అప్పుడు తెలుస్తుంది. మన వంట పుస్తకాలకు పిండివంటల మీద మక్కువ ఎక్కువ, అది తప్పూ కాదు. కానీ అరిసెల పాకం నేర్చుకున్నంత మాత్రాన మంగళవారం రాత్రి భోజనం శాకాహారం అయిపోదు. ఆ తరువాత ఎవరూ పెద్దగా ఇష్టపడని ఒక కూరగాయ, ఉదాహరణకు గోరుచిక్కుడు, ఉన్న పుట తీయాలి. మంచి పుస్తకం పావుకిలో కాయలకు లెక్క చెబుతుంది. చివర్లు గిల్లి, పీచు తీసి, ఉప్పు వేసి ఉడికించి, నీరు వార్చాకనే పోపులో వేయాలంటుంది. దింపే ముందు నువ్వులపొడి ఎన్ని చెంచాలు చల్లాలో, ఎందుకు ముందే చల్లకూడదో కూడా చెబుతుంది. పేలవమైన పుస్తకం అదే కూరకు ‘తగినంత’ అనే మాటను మూడుసార్లు వాడి ఊరుకుంటుంది. వంట తెలిసినవారికి తగినంత అంటే చాలును గాని, వారికి పుస్తకమే అక్కరలేదు.

కొలతల విషయంలో ఇంకొంత జాగ్రత్త అవసరం. పాత పుస్తకాల పునర్ముద్రణల్లో వీసెలు, పలాలు, సోలలు అలాగే ఉండిపోవచ్చు. వీసె అంటే కిలోన్నరకు కాస్త తక్కువని ఈ తరంలో ఎంతమందికి తెలుసు? సోల కూడా అన్ని ప్రాంతాల్లోనూ ఒకే పరిమాణంలో ఉండేది కాదు. పరదేశపు పుస్తకాలకూ ఈ చిక్కు తప్పదు: ఆస్ట్రేలియాలో టేబుల్‌స్పూన్ అంటే 20 మిల్లీలీటర్లు, మిగతా చోట్ల సాధారణంగా 15. చింతపండు గుజ్జు నాలుగు చెంచాలు వేయమన్నచోట ఆ తేడా నాలుకకు తెలుస్తుంది.

రెండవ మాట, పుట్టుకతో శాకాహారులైనవారు రాసిన పుస్తకమే ప్రామాణికమన్నది, వినడానికి సబబుగానే ఉంటుంది. ఎస్. మీనాక్షి అమ్మాళ్ 1951లో తమిళంలో వెలువరించిన ‘సమైత్తుప్పార్’ వంటి పుస్తకాలు గొప్పవే. కాని అవి వేరే ప్రశ్నకు సమాధానాలు: సంప్రదాయ శాకాహార గృహంలో వంట ఎలా సాగాలన్నది వాటి ప్రశ్న. మాంసం తగ్గించుకుంటున్న మనిషికి కరువయ్యేది కూరగాయ కాదు, రుచిలోని బరువు: ఎర్రగా వేగిన ఉల్లి, అల్లంవెల్లుల్లి ముద్ద, గసగసాలు, కొబ్బరి నూరిన మసాలా, నూనె పైకి తేలేదాకా వేయించే ఓపిక. ఉల్లీ వెల్లుల్లీ లేని పుస్తకం అతనికి ఈ పని చేసిపెట్టదు. బగారా అన్నంలోకి మసాలా వంకాయ, కాకరకాయ ఉల్లికారం, రాగిసంగటిలోకి పల్లీల పచ్చడి, జొన్నరొట్టెతో పప్పుకూర వంటివి మాంసాహారుల ఇళ్ళల్లోనే పెరిగిన శాకాహార వంటలు. వాటికి చోటిచ్చిన పుస్తకమే అతనికి నిలిచే పుస్తకం. మీల్‌మేకర్‌ను వేడినీళ్ళలో నానబెట్టి గట్టిగా పిండకపోతే లోపలికి మసాలా దిగదన్న చిన్న సంగతి కూడా, దాన్ని ఇష్టపడి వండుకునేవారే రాయగలరు. భారతదేశంలో పుట్టిన ప్రసిద్ధ వంటల రచయిత్రి మధుర్ జాఫ్రీ శాకాహారి కాకపోయినా 1999లో ప్రపంచ శాకాహార వంటలపై పెద్ద గ్రంథమే వెలువరించారు. ఆ కారణంగా దాని విలువ తగ్గిపోలేదు.

ప్రోటీన్ పట్టికల మాటకు ఒక చరిత్ర ఉంది. ధాన్యాన్నీ పప్పునూ ఒకే పూట లెక్కప్రకారం కలిపి తినాలన్న ఆలోచనను 1971లో అమెరికాలో ఫ్రాన్సిస్ మూర్ లాపే అనే రచయిత్రి ‘డైట్ ఫర్ ఎ స్మాల్ ప్లానెట్’ అనే తన పుస్తకం ద్వారా విస్తృతంగా ప్రచారంలోకి తెచ్చారు. పదేళ్ళ తరువాత, 1981 నాటి కూర్పులో, అంత పట్టింపు అవసరం లేదని ఆమే సవరించుకున్నారు. రోజు మొత్తం మీద రకరకాల గింజలు, పప్పులు తింటే సరిపోతుంది. వంద గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది కనుక, 30 గ్రాముల పప్పు ఒక కోడిగుడ్డుకు ఇంచుమించు సమానం. భారత వైద్య పరిశోధన మండలి సిఫారసు ప్రకారం 60 కిలోల మనిషికి రోజుకు కావలసిన ప్రోటీన్ సుమారు 50 గ్రాములు. ఇంటిల్లిపాదికీ కలిపి గుప్పెడు పప్పు వేసి పలుచగా కాచుకునే అలవాటు ఉంటే ఆ 50 గ్రాములు అందవన్నది నిజమే. అందుకే పట్టికలకన్నా ఒక్కొక్కరికి ఎంత పప్పు అని చెప్పే పుస్తకం మేలు. పాలు, పెరుగు, గుడ్లు కూడా పూర్తిగా మానేసేవారికి మాత్రం బి12 విటమిన్ విడిగా తీసుకోవలసిన అవసరం ఉంటుంది, అది ఏ పప్పుతోనూ తీరదు.

వీడియోలు చాలన్న మాట గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. తీగపాకం, ముదురుపాకం తేడా కంటితో చూసి నేర్చుకోవలసిందే. కాని వీడియో వెతకాలంటే వంటకం పేరు ముందే తెలిసి ఉండాలి, తెలియని పేరును ఎవరూ వెతకరు.

ఇక్కడే పుస్తకం చివరి పుటల అవసరం వస్తుంది. సంతనుంచి తెచ్చిన సంచిలో దోసకాయలు, బచ్చలికూర ఉన్నప్పుడు వాటి పేరుతో వెతికితే ఐదారు దారులు చూపించే కూరగాయలవారీ సూచిక ఉన్న పుస్తకం కొనదగినది. డల్లాస్‌లో ఉన్న తెలుగువారికి, బీరకాయ దొరకని వారాల్లో జుకినీతో పప్పు వండుకోవాలనుకున్నా, అదే ఉపయోగం. జుకినీ నీరు ఎక్కువ వదులుతుంది కాబట్టి నీళ్ళు తగ్గించుకుంటే సరిపోతుంది. తెలుగు వంట పుస్తకాల్లో అటువంటి సూచిక అరుదు. ఆ నాలుగు పుటల కాగితాన్ని ప్రచురణకర్తలు ఎందుకు మిగుల్చుకుంటారో గాని, అట్ట మీది బొమ్మలకు మాత్రం లోటు చేయరు.