వంకర పళ్ళకు ప్లాస్టిక్ తొడుగు: కొంటున్నది వస్తువా, వైద్యమా?

ముందు పళ్ళు వంకరగా ఉన్నాయంటే ఒకప్పుడు పంటికి అతికించే తీగల క్లిప్పులే దారి. ఇప్పుడు బయటికి అంతగా కనబడని, తినేటప్పుడు తీసి పక్కన పెట్టుకోగల ప్లాస్టిక్ తొడుగులు, అంటే అలైనర్లు, అందుబాటులోకి వచ్చాయి. 'డాక్టర్ దగ్గరికి పదేపదే తిరగనక్కర్లేదు, కిట్ ఇంటికే పంపిస్తాం' అనే ప్రకటనలూ వాటితోపాటే వచ్చాయి. తొడుగు మంచి సాధనమే. దాన్ని కళ్ళజోడు ఫ్రేములా ఎంచుకుని తెప్పించుకునే వస్తువుగా మార్చడమే ప్రమాదం.

పన్ను ఎముకలో మేకులా దిగి ఉండదు. సన్నని నారపొర దాన్ని ఎముకకు పట్టి ఉంచుతుంది. ఒక పక్క నుంచి నిలకడగా ఒత్తిడి పెడితే, పన్ను జరిగే వైపు ఎముక కరిగి, వదిలివచ్చిన వైపు కొత్త ఎముక పేరుకుంటుంది. ఒక్కో తొడుగు పన్నును జరిపేది సుమారు 0.25 మిల్లీమీటరు మాత్రమే. అందుకే రోజుకు 20 నుంచి 22 గంటలు పెట్టుకోవాలి, వారానికో రెండు వారాలకో తర్వాతి దానికి మారాలి. చిగుళ్ళ జబ్బుతో ఎముక అరిగిపోయిన పంటి మీద ఇదే ఒత్తిడి పడితే పన్ను వదులవుతుంది. ఎముక ఎంత మిగిలిందో అద్దంలో చూసుకుంటే తెలియదు, ఎక్స్‌రే తీయించాల్సిందే. పళ్ళు సర్దుకోవడానికి చోటుందా, లేకపోతే పక్కల ఎనామిల్‌ను కాస్త అరగదీయాలా, పన్నే తీయాలా అన్నది కూడా నోరు చూసినవారే తేల్చాలి.

మా అక్క కూతురు ఇలాంటి కిట్ ఒకటి తెప్పించుకుంది. ఒక పెళ్ళి భోజనంలో ఆరో తొడుగును తీసి టిష్యూ కాగితంలో చుట్టి ఆకు పక్కన పెట్టింది. బంతి లేచాక ఆకుతోపాటే అదీ పోయింది. కొత్తది చేతికొచ్చేసరికి ఇరవై రోజులు దాటాయి, పళ్ళు వెనక్కి జరిగి అది ఎక్కలేదు. కంపెనీకి రాస్తే 'కాస్త గట్టిగా నొక్కి పెట్టుకోండి' అని జవాబు వచ్చింది. నోరు తెరిచి చూసినవారు ఒక్కరూ లేరు. చివరికి ఒక ఆర్థోడాంటిస్ట్, అంటే పళ్ళ వరస సరిచేసే నిపుణుడు, ఎక్స్‌రే తీసి, లెక్కంతా మొదటి నుంచీ వేయాల్సి వచ్చింది.

పొరపాటు పిల్లదే కావచ్చు. కానీ తీసి పెట్టుకునే సాధనంలో అలాంటి పొరపాటు జరుగుతుందని ముందే ఊహించి, వెంట ఒక మనిషిని ఉంచడమే వైద్యం. అమెరికాలో ఇంటికే తొడుగులు పంపే వ్యాపారంతో పెద్దదైన స్మైల్‌డైరెక్ట్‌క్లబ్ 2023 సెప్టెంబరులో దివాలా పిటిషన్ వేసి, డిసెంబరులో మూతపడింది. చికిత్స సగంలో ఉన్నవారు వేరే దంతవైద్యులను వెతుక్కోవాల్సి వచ్చింది.

ఇంకో మాట. ప్రతి వంకరకూ ఖరీదైన తొడుగే అక్కర్లేదు. పై ముందు పన్ను ఒకటి కింది పన్ను వెనక్కి పడిన పిల్లలకు, చోటుంటే, వెనక పళ్ళను పట్టుకునే కొక్కేలూ పన్నును ముందుకు నెట్టే జెడ్ ఆకారపు తీగ స్ప్రింగూ ఉన్న యాక్రిలిక్ (గట్టి ప్లాస్టిక్) ప్లేటు కొద్ది నెలల్లోనే పని ముగించగలదు. అది పన్నును వంచగలదే తప్ప, వేరుతో సహా జరపలేదు. ఏ నోటికి అది సరిపోతుందో చెప్పడానికే దంతవైద్య డిగ్రీ బీడీఎస్ తర్వాత మూడేళ్ళ ఎండీఎస్ పీజీ చదువు ఉంది.

పళ్ళు సరిగ్గా కుదిరాక కూడా పాత చోటికి పోవాలని చూస్తాయి. వాటిని నిలిపే రిటైనర్‌ను మొదట్లో దాదాపు రోజంతా, ఆ తర్వాత రాత్రిళ్ళు ఏళ్ళ తరబడి పెట్టుకోవాలి. ప్రకటనల్లో ఈ సంగతి కనబడటం అరుదు. అందుకే డబ్బు కట్టే ముందే అడగాలి: ఎక్స్‌రే చూసేదెవరు, మధ్యలో తొడుగు పోతే ఎన్ని రోజుల్లో కొత్తది ఇస్తారు, రిటైనర్ ఖర్చు ఈ మొత్తంలోనే ఉందా, రెండేళ్ళ తర్వాత పన్ను మళ్ళీ తిరిగితే ఎవరి తలుపు తట్టాలి?