దొడ్డమ్మ ఠాణే యాత్ర

మా పెదనాన్న ఆర్ అండ్ బీలో ఇంజనీరుగా రిటైరయ్యారు. ఏ గుడికెళ్లినా ముందు పైకప్పు చూస్తారు, దేవుణ్ణి తర్వాత. రాజమండ్రిలో హేవ్‌లాక్ వంతెన కనబడే వీధిలో పెరగడం వల్ల రైళ్లకి సంబంధించిన ఇటుకా రాయీ ఏదైనా ఆయనకి బంధువే. ఆయన దొడ్డమ్మని తీసుకుని కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో ముంబై వచ్చింది మా అబ్బాయి అన్నప్రాసనకి అని మేం అనుకున్నాం. వచ్చింది సీఎస్‌ఎంటీ, అంటే ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ రైల్వే స్టేషన్, చూడటానికి అని అన్నప్రాసన మర్నాడు తెలిసింది.

మధ్యాహ్నం మూడింటికి స్టేషన్ ఎదురుగా నిలబెట్టి మొదలుపెట్టారు.

"1878లో పునాది వేసి పదేళ్లు కట్టారే. ఎఫ్. డబ్ల్యూ. స్టీవెన్స్ అనే ఆయన. విక్టోరియా రాణి ఏలుబడికి యాభై ఏళ్లు నిండాయని 1887లో ఆవిడ పేరు పెట్టారు."

"మనిల్లు కూడా పదేళ్లు కట్టారుగా. మరి నా పేరు పెట్టలేదేం?" అంది దొడ్డమ్మ.

పెదనాన్న వినిపించుకోలేదు. గేటు స్తంభాల మీద సింహం, పులి చూపించారు. సింహం ఇంగ్లండు, పులి ఇండియా అన్నారు. వాటికైనా కూర్చునే చోటుంది అంది దొడ్డమ్మ. మోకాళ్ల నొప్పులావిడకి. గుమ్మటం మీద ఒక చేత్తో దివిటీ, ఇంకో చేయి చక్రం మీద పెట్టుకుని నిలబడ్డ స్త్రీ విగ్రహం చూపించి, అది ప్రగతికి గుర్తు అన్నారు. "పొద్దస్తమానం నిలబడే ఉంటుందా?" అని జాలిపడింది. గడియారం కింద ఖాళీ గూడు దగ్గర మాత్రం ఆవిడే అడిగింది, ఇందులో ఎవరుండేవారని. విక్టోరియా విగ్రహం, స్వాతంత్ర్యం వచ్చాక తీసేశారు అన్నారు పెదనాన్న. "హమ్మయ్య, ఆవిడైనా ఇంటికెళ్లింది."

నిజం చెప్పాలంటే ఆ భవనం అలా చూడాల్సిందే. స్తంభాల తలల మీద ఆకులు, ఆకుల సందున ఉడత, కోతి, నెమలి. ఇక్కడి జేజే ఆర్ట్ స్కూల్ వాళ్లు కూడా చేయి వేసిన పని. నేనిక్కడ ఇన్నేళ్లుగా రోజూ ఆ స్తంభాల మధ్య నుంచే పరిగెడుతున్నా ఆ ఉడత నాకెప్పుడూ తగల్లేదు. ఈ ఊళ్లో తల పైకెత్తి నడిస్తే జేబైనా పోతుంది, బండైనా పోతుంది.

టికెట్ల హాల్లోకి వెళ్లాం. పైకప్పంతా నీలం మీద బంగారు చుక్కలు. పెదనాన్న తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి, కదలకుండా నిలబడిపోయారు. కాసేపటికి ఆయన వెనక ఒకబ్బాయి వచ్చి నిలబడ్డాడు. వాడి వెనక బ్యాగు ఆయనా, ఆయన వెనక ఇద్దరు ఆడవాళ్లూ. లైను తయారైంది. కౌంటరు చూస్తే ఇరవై అడుగుల దూరంలో, ఖాళీగా ఉంది. "అంకుల్, ఆగే బఢో" అన్నాడు ఆ అబ్బాయి. "ఆగే ఉన్నాను బాబూ, ఇంకెంతసేపు ఆగమంటావు?" అన్నారు పెదనాన్న.

ప్లాట్‌ఫారం టికెట్లు కొని లోపలికి వెళ్లాం. బెంచీలన్నీ నిండి ఉన్నాయి. ఎదురుగా లోకల్ ఒకటి ఆగి ఉంది, లేడీస్ పెట్టెలో కిటికీ పక్క సీటు ఖాళీ.

"కాసేపు ఇందులో కూర్చుంటానండీ."

"కూర్చో. కదిలే ముందు కూత వేస్తుందిగా, చెబుతాలే" అన్నారు పెదనాన్న. ఆ ధైర్యం రాజమండ్రిలో పుట్టినది. అక్కడ బండి కూత వేసి, ఒళ్లు విరుచుకుని, ఒకసారి కుదిపి మరీ బయల్దేరుతుంది. నన్ను వడాపావ్ తెమ్మని పంపింది దొడ్డమ్మే.

మూడు పొట్లాలతో తిరిగొచ్చేసరికి పెదనాన్న ఒక ఇనప స్తంభం దగ్గర కళ్లజోడు నుదుటి మీదికి తోసి దాని అతుకు పరీక్షిస్తున్నారు.

"దొడ్డమ్మేదీ?"

"అదిగో, ఆ పెట్టెలో" అని వెనక్కి తిరక్కుండానే చేయి చాపారు. చేయి చాపిన వైపు పట్టాలున్నాయి.

దొడ్డమ్మ ఫోనుకి రింగిచ్చాను. పెదనాన్న జేబులో మోగింది. తన ఫోను గోపురాలతో నిండిపోతే ఫొటోల కోసం ఆవిడది తీసుకున్నారట. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. వెళ్లిన బండి ఏదని పక్కాయన్ని అడిగితే, ఠాణే ఫాస్ట్ అన్నాడు.

ఆ మాటకి పెదనాన్న మొహంలో రంగు మారింది. పాపం, భార్య తప్పిపోతే ఎవరికైనా టెన్షనే కదా అనుకున్నాను.

"ఠాణేనా? ఒరేయ్, 1853 ఏప్రిల్ 16న మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు నడిచింది ఆ దారిలోనేరా! ఇక్కడి బోరీబందరు నుంచి ఠాణేకి, 34 కిలోమీటర్లు. పధ్నాలుగు పెట్టెలు, మూడు ఇంజన్లు. సాహిబ్, సింధ్, సుల్తాన్. నేను జన్మలో ఒక్కసారైనా వెళ్లాలనుకున్న దారి." కాసేపాగి, "అది ఎక్కేసింది" అన్నారు.

పోలీసుల దగ్గరికి వెళ్దామా అని తర్జనభర్జన పడుతుంటే జేబులో దొడ్డమ్మ ఫోను మోగింది. తెలియని నంబరు. దొడ్డమ్మే. ఆవిడకి కంఠతా వచ్చిన నంబరు తన నంబరొక్కటే, దానికే చేసుకుంది.

"కంగారు పడకండి. నాకు కిటికీ దగ్గర సీటుంది. పక్కనావిడ సోలాపూర్ తెలుగావిడ, ఫోనిచ్చింది. వంటకి బఠాణీలు ఒలుచుకుంటోంది, నేనూ సాయం పట్టాను. ఇప్పుడే కుర్లా దాటాం." వెనక నుంచి చప్పట్లు, భజన వినిపిస్తున్నాయి. ఠాణేలో దిగి అక్కడే ఉండమన్నాను. "సరేలే, మీరు నింపాదిగా చూసుకుని రండి" అని పెట్టేసింది.

మేం టికెట్లు కొని బండెక్కేసరికి ఆఫీసులు వదిలే వేళయింది. ఆ మొదటి బండిలో నాలుగొందల మంది అతిథులు వెళ్లారట. మా ఒక్క పెట్టెలోనే అంతమంది ఉన్నట్టనిపించింది. చారిత్రాత్మక మార్గం పొడుగునా పెదనాన్న ఒకాయన టిఫిన్ బ్యాగులో మొహం పెట్టుకుని ప్రయాణించారు. కిటికీ ఎటువైపుందో కూడా ఆయనకి తెలియలేదు.

ఠాణేలో దొడ్డమ్మ బెంచీ మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. ఒళ్లో కవరు, కవర్లో బఠాణీలు. ఒలిచినందుకు వాటా.

"ఏవండీ, బైకుళా స్టేషను చూశారా?" అంది మమ్మల్ని చూడగానే.

పెదనాన్న మాట్లాడలేదు. ఆయన బైకుళాలో టిఫిన్ బ్యాగు చూస్తున్నారు.

"మీరు చూపించిన దానికంటే పాతదట. శిథిలమైపోతుంటే మళ్లీ పాత పద్ధతిలోనే బాగుచేశారట, యునెస్కో వాళ్లు అవార్డు కూడా ఇచ్చారట. ఆవిడ చెప్పింది. రోజూ అక్కణ్ణుంచే ఎక్కేదట మొన్నటిదాకా."

తిరుగు బండి దాదాపు ఖాళీ. ముగ్గురం ఒకే పెట్టెలో కూర్చున్నాం. పెదనాన్న ఈసారి దొడ్డమ్మకి అటువైపు నన్నూ, ఇటువైపు తననూ కాపలా పెట్టారు. దాదర్ దాటగానే ఆయనకి నిలకడ లేదు. బైకుళా వస్తుంటే లేచి తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి చూశారు.

దొడ్డమ్మ చెప్పులు విడిచి కాళ్లు సీటు మీదికి మడుచుకుంటోంది.

"మీరు దిగి చూసి రండి. నేనిందులోనే కూర్చుంటాను" అంది.

పెదనాన్న వచ్చి కూర్చున్నారు.