మసిగుడ్డ గారికి ఒక బహిరంగ లేఖ

పూజ్యులైన మసిగుడ్డ గారికి,

మీ పూర్వాశ్రమం నాకు తెలుసు. ఒకప్పుడు మీరు నాన్నగారి నేత పంచె. అంచు చిరిగాక రెండు ముక్కలైతే ఒకటి స్కూటర్ తుడవడానికి పోయింది, రెండోది మీరు, వంటింట్లో చేరారు. ఈ ఇంట్లో ప్రమోషన్లంటే మీవే. చేరింది వేడిగిన్నెలు దించే పనికి. ఆర్నెల్లు తిరక్కుండానే గట్టు తుడవడం, తడిచేతులు తుడవడం, పొంగిన పాలు అద్దడం, బొద్దింకను కొట్టడం, అన్నీ మీ శాఖలే అయిపోయాయి. ఇంట్లో పట్టకారు ఒకటి ఉందన్న సంగతి సొరుగు సర్దిన రోజున తప్ప ఎవరికీ గుర్తు రాదు.

ఇన్ని శాఖలు చూస్తూ మీరు తాగిన నూనె సంగతి వేరే చెప్పాలా? మిమ్మల్ని పిండితే ఓ పోపుకి సరిపడా వస్తుంది. నూనె పీల్చిన నూలుగుడ్డని దేవుడి గూట్లో వత్తి అంటారు. పొయ్యి పక్కన మాత్రం మసిగుడ్డ అంటున్నాం.

మొన్న ఆదివారం అప్పడాలు వేయిద్దామని బాణలిలో నూనె పోసి పెద్దమంట పెట్టాను. హాల్లోంచి బావ పిలిస్తే "ఒక్క నిమిషం" అనుకుని వెళ్ళాను. మిమ్మల్ని బర్నర్‌కి జానెడు దూరంలో పడేసి మరీ వెళ్ళాను. కిటికీ గాలికి మీ కొస కాస్త జరిగిందంతే. తిరిగొచ్చేసరికి నూనె పొగలు కక్కుతోంది, మీరు దేదీప్యమానంగా వెలుగుతున్నారు. కంగారులో లాగి విసిరితే బాణలి అంచుకే తగిలారు. నూనె భగ్గుమంది.

బావ చెంబెడు నీళ్ళతో పరిగెత్తుకొచ్చాడు. బావది ఇంజినీరింగు. అమ్మది తొమ్మిదో తరగతి. "నీళ్ళొద్దు అల్లుడుగారూ!" అంటూ మర్యాద తప్పకుండానే చెంబు లాక్కుంది. స్టవ్ కట్టేసి, అన్నం గిన్నె మీదున్న స్టీలు పళ్ళెం తీసి, పక్కనుంచి జరుపుతూ బాణలి మీద మూసింది. గాలి ఆడక మంట చచ్చింది. మిమ్మల్ని అట్లకాడతో సింకులోకి నెట్టి పంపు తిప్పింది.

నీళ్ళు నూనెకంటే బరువు కాబట్టి అడుక్కి దిగుతాయట. ఆ వేడికి చిటికెలో ఆవిరై, సుమారు 1700 రెట్లు ఉబ్బి, మండుతున్న నూనెని సీలింగు దాకా ఎగజిమ్ముతాయట. ఈ లెక్కంతా చెప్పింది బావే. కాకపోతే మంట ఆరాక, కాఫీ తాగుతూ చెప్పాడు.

పళ్ళెం ఎత్తి చూడాలని నాకు ఒకటే చెయ్యి దురద. నూనె చల్లారకముందే గాలి తగిలితే మళ్ళీ అంటుకుంటుందని అమ్మ గంటసేపు దర్శనం ఆపేసింది.

ఆ తర్వాతే మీ స్థిరనివాసాన్ని, అంటే గ్యాస్ పైపుని, తనిఖీ చేశాం. ఆ పైపుని ఐదేళ్ళకోసారి మార్చాలంటారు. అది తయారైన ఏడాది పైపు మీదే అచ్చేసి ఉంటుంది. సరిగ్గా ఆ అంకె మీదే మీరు ఇన్నాళ్ళూ వేలాడారు. తప్పించి చూస్తే 2017! ఇక గ్యాస్‌కి సొంత వాసన ఉండదు, లీకైతే తెలియాలని మెర్కాప్టాన్ అనే ఘాటు వాసన రసాయనం కలుపుతారు. పులుసు, ఇంగువ, మాగిన నూనె కలగలిసిన మీ పరిమళం ముందు పాపం దాని వాసనెంత? లీకైతే ఫోన్ చేయాల్సిన 1906 నంబరు స్టిక్కర్ కూడా మీ వెనకే దొరికింది.

మిమ్మల్ని తీసేసి తన పాత జార్జెట్ చున్నీని పెట్టుకుందామని మా ఆవిడ అంది. అది అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటుంది, దానికంటే ఈ పంచెముక్కే నయమని అమ్మ వాదించింది. అందుకని మీ ఉద్యోగం నిలిచింది. పొయ్యికి ఎదురుగోడ మేకు మీకు, వేడిగిన్నెల శాఖ పట్టకారుకి, రోజూ సబ్బుతో స్నానం. సోమవారం నుంచి అమలు.

ఈరోజు బుధవారం. ఇప్పుడే చూసొచ్చాను. మేకుకి పట్టకారు వేలాడుతోంది, మీరు అమ్మ భుజం మీద ఉన్నారు.

ఇట్లు,
కనుబొమలు సగం మిగిలిన మీ ఇంటివాడు