క్వార్టర్ సీసాతో దారిద్ర్యరేఖ దాటడం ఎలా?

పేదరికానికి ఆడా మగా తేడా ఉండదని నా గట్టి నమ్మకం. హనుమకొండ చౌరస్తాలో చాయ్ తాగుతూ ఈ మాట ఎన్నోసార్లు చెప్పాను. అక్కడున్న మగవాళ్లంతా ఒప్పుకున్నారు కూడా. ఇల్లు పేదదైతే ఇంట్లో అందరూ పేదలే, దానికి వేరే లెక్కెందుకు?

ప్రభుత్వానిదీ ఇదే లెక్క. సర్వేవాళ్లు ఇంటి మొత్తం ఖర్చు రాసుకుని, తలల సంఖ్యతో భాగిస్తారు. టెండూల్కర్ కమిటీ పద్ధతిలో (క్రికెట్ ఆడే ఆయన కాదు, ఆర్థికవేత్త సురేశ్ టెండూల్కర్) 2011-12లో దేశం మొత్తమ్మీద పల్లెల్లో దారిద్ర్యరేఖ మనిషికి నెలకు 816 రూపాయలు. అది దాటితే పేద కాదు. ఆ డబ్బు ఎవరి కడుపులోకి పోయిందని లెక్కలో అడగరు. ఇంటి గుట్టు బయటపెట్టని సంస్కారం!

అసలు గొప్పతనం ఇంకోచోట ఉంది. ఆ ఖర్చులో మందు, కల్లు, బీడీలు కూడా కలుస్తాయి. బెల్టు షాపు దగ్గర భర్త ఒక్కో క్వార్టర్ ఖాళీ చేస్తుంటే, చేలో పత్తి ఏరుతున్న భార్య తనకే తెలియకుండా ఒక్కో మెట్టు పైకెక్కుతుంది. నెలాఖరుకు ఆయన మోరీలో ఉంటాడు, ఆమె దారిద్ర్యరేఖ మీద ఉంటుంది.

నర్సంపేట వైపు పత్తి ఏరుతున్న ఒకామెకు ఈ శుభవార్త చెప్పాను.

"గట్లనా సారూ! మరి నేను గూడ తాగితే ఇంకింత మీదికి పోతమా?"

లెక్క ప్రకారం పోతారు. అదే చెప్పాను.

"మరి పైసలేవి?" అంది, ఒడిలో పత్తి సర్దుకుంటూ. ఆర్థికశాస్త్రం చదవని వాళ్లతో ఇదే టెన్షన్.

పంపకాల్లో మాత్రం మన దగ్గర అన్యాయం లేదు. చాలా ఇళ్లలో పట్టా ఆయన పేరున, మహిళా పొదుపు సంఘం లోన్ ఆమె పేరున. 2018లో రైతుబంధు కింద ఎకరానికి పంటకు 4 వేల రూపాయల చెక్కు వచ్చినప్పుడు పట్టాదారు చేతికే వచ్చింది. కలుపు తీసినామెకు పట్టా పాసుబుక్కు లేదాయె, ఎట్లా ఇస్తారు? ఆమెకున్నది సంఘం పుస్తకం. కిస్తీ కట్టే రోజు దగ్గరపడగానే ఆ ఇంటి యజమానురాలు ఎవరో అందరికీ గుర్తొస్తుంది.

కేంద్రం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారు. ఆ 88 కూడా ఇంటిపని చేసే మగవాళ్ల సగటే. చేయనివాళ్లను అందులో కలపకుండా వాళ్ల మర్యాద కాపాడారు. ఇక 2023 డిసెంబర్ 9న ఆర్టీసీలో ఆడవాళ్లకు జీరో టికెట్ వచ్చాక, వీళ్లు పనీపాటా లేకుండా బస్సుల్లో తిరుగుతున్నారని మా చౌరస్తాలో తీర్మానించాం. ఆ తీర్మానానికి మాకు 88 నిమిషాలు పట్టింది.

భూమి కావాలనే అక్కలకు నాదొక సలహా. 13వ శతాబ్దంలో ఓరుగల్లును ఏలడానికి రుద్రమదేవి రుద్రదేవ మహారాజు అని మగ పేరు పెట్టుకుంది. మీరూ మీసేవకు పోయి పేరు మార్పించుకోండి. కాకపోతే దరఖాస్తులో తండ్రి లేదా భర్త పేరు రాసే గడి ఒకటుంటుంది. రుద్రమకు అక్కడ గణపతిదేవుడని రాసుకునే వీలుంది.